డ్రైవర్ కాల్చుకోకుండా స్టెప్పర్ మోటారును ఆర్డుయినోకు కలపడం ఎలా

ఏ వైరు ఏ పిన్నుకు పోవాలో చెప్పే బొమ్మలు నెట్ నిండా ఉన్నాయి. ఏది ముందు కలపాలి, ఏది ఆఖరున కలపాలి, మధ్యలో ఎక్కడ ఆగి మీటరు పెట్టి చూడాలి అన్నది మాత్రం ఆ బొమ్మల్లో ఉండదు. ఆ వరుస తెలియక నేను మూడు డ్రైవర్లు (మోటారుకు కరెంటు అందించే చిన్న బోర్డులు) కాల్చాను. మూడూ ఏ4988 అనే రకమే, ఒక్కోటి ఒక్కో తప్పుకు పోయింది. మీరు ఆ డబ్బులు మిగుల్చుకోండి.

అసలు పని ఏంటంటే, మా మేనమామ వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. నేసేది ఆయన, కండెలు (నేతకు వాడే దారం చుట్టిన చిన్న గొట్టాలు) చుట్టేది మా అత్త. చుట్టి చుట్టి ఆమె భుజం పట్టేసింది, ఓ చిన్న యంత్రం చేసిస్తానని పండక్కి పోయినప్పుడు నోరు జారాను. కండెను తిప్పడానికి పాత కుట్టుమిషను మోటారు ఉంది, అది సులువే. కానీ దారం ఒకేచోట గుట్టపడకుండా కండె పొడవునా దాన్ని అటూ ఇటూ నడిపించాలి, ఎంత దూరం పోవాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో లెక్క తప్పకూడదు. మామూలు మోటారు కరెంటిస్తే తిరుగుతూ పోతుంది, ఎంత తిరిగిందో దానికీ తెలియదు మనకూ తెలియదు. స్టెప్పర్ అలా కాదు, ఒక పల్సు ఇస్తే ఒక అడుగు వేసి ఆగుతుంది, 200 అడుగులకు సరిగ్గా ఒక చుట్టు, అంటే అడుగుకు 1.8 డిగ్రీలు.

కావలసినవి పెద్దగా లేవు. నేమా 17 మోటారు ఒకటి (ముఖం 1.7 అంగుళాలు, అంటే సుమారు 42 మిల్లీమీటర్లు, ఆ 17 అక్కడి నుంచే వచ్చింది), ఏ4988 డ్రైవర్ బోర్డు, ఆర్డుయినో ఊనో (మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం పిన్నులను నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు), 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే డబ్బా), 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 35 వోల్టులదో 50 వోల్టులదో, ఒక మల్టీమీటర్. ఎస్ఎంపీఎస్ ఎల్‌ఈడీ లైట్ల షాపుల్లో దొరికేదే, 12 వోల్టులు 2 ఆంపియర్లు ఉంటే ఒక మోటారుకు చాలు. డ్రైవర్లు మాత్రం ఒకటి సరిపోతుందనుకోకండి, రెండు మూడు ఒకేసారి తెప్పించుకోండి. వాటి ధర కంటే, కాలిన రోజు నుంచి కొత్తది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమే పెద్ద నష్టం.

డ్రైవర్ ఎందుకు, ఆర్డుయినో పిన్నుకే మోటారు కలిపితే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. ఊనో పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదు. మోటారు చుట్టకు దాదాపు ఒక ఆంపియర్ కావాలి. ఆర్డుయినో చెప్పడమే చేస్తుంది, మోసేది డ్రైవర్.

ముందు మోటారు ఒక్కదాన్నే చేతిలోకి తీసుకోండి

మోటారుకు నాలుగు వైర్లు వస్తాయి. లోపల రెండు తీగచుట్టలు, ఒక్కోదానికి రెండు కొసలు. ఏ రెండు వైర్లు ఒక జత అన్నది తేలకుండా ఇంకేదీ ముట్టుకోకండి. రంగులను నమ్మితే మునిగినట్టే, ఒక కంపెనీ ఎరుపు నీలం ఒక జత అంటే ఇంకో కంపెనీ ఎరుపు ఆకుపచ్చ అంటుంది. మల్టీమీటర్‌ను బీప్ కొట్టే దగ్గర పెట్టి వైర్లను రెండేసి చొప్పున తాకించండి, బీప్ వచ్చిన రెండూ ఒక జత. మీటరు లేకపోయినా పని ఆగదు. ఏవైనా రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తాకించి ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి, హాయిగా తిరిగితే అవి జత కావు, గట్టిగా గీచినట్టు పట్టేస్తే అవే జత. చేత్తో తిప్పినప్పుడు మోటారే జనరేటర్ అవుతుంది, కొసలు కలిసి ఉంటే పుట్టిన కరెంటు అందులోనే తిరిగి బ్రేకు వేస్తుంది. జత దొరకగానే దానికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, తర్వాత గుర్తుంటుందిలే అనుకోకండి.

కొన్ని మోటార్లకు వెనక ఆరు పిన్నుల సాకెట్ ఉండి, దాంతో వచ్చిన కేబుల్‌లో మధ్య రెండు వైర్లు అటుదిటు అయి ఉంటాయి. నాది అలాంటిదే. రంగుల వరుస చూసి గుచ్చేశాను, మోటారు గుర్రుగుర్రుమని ఒకేచోట ఊగుతోంది. మామ కాసేపు చూసి, "గిది చలిజ్వరం వచ్చినోని లెక్క వణుకుతున్నది గానీ తిరుగుతలేదేందిరా అల్లుడా" అన్నాడు. జతలు కలగాపులగం అయితే కనబడేది సరిగ్గా ఆ చలిజ్వరమే. అంతవరకు ఏమీ కాలలేదు. కంగారులో కరెంటు తీయకుండా మోటారు వైరు పీకాను చూడండి, అప్పుడు పోయింది మొదటి డ్రైవర్. తీగచుట్టలో కరెంటు పారుతుండగా దారి తెంపితే అది ఊరుకోదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డ్రైవర్ చిప్పును పగలగొడుతుంది. కాబట్టి మోటారు వైరు పెట్టాలన్నా తీయాలన్నా ముందు 12 వోల్టులు ఆపాలి, కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా కాస్త ఆగాలి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకునే ఆ ఒక్కసారే పోతుంది.

డ్రైవర్ బోర్డు, చిన్న కరెంటు వైపు

ఏ4988 బోర్డుకు రెండు వైపులా ఎనిమిదేసి పిన్నులు. ఒక వైపు పైనుంచి కిందికి ఎనేబుల్, ఎంఎస్1, ఎంఎస్2, ఎంఎస్3, రీసెట్, స్లీప్, స్టెప్, డైర్. రెండో వైపు వీ-మోట్, గ్రౌండ్, 2బి, 2ఏ, 1ఏ, 1బి, వీడీడీ, గ్రౌండ్. బోర్డును తలకిందులుగా గుచ్చితే అయిపోయినట్టే, అందుకే బోర్డు మీది బుల్లి స్క్రూ ఎటుందో చూసి గుచ్చకండి, పిన్ను పక్కన అచ్చేసిన అక్షరాలు చదివి గుచ్చండి. డీఆర్వీ8825 అనే ఇంకో డ్రైవర్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ దాని స్క్రూ రెండో చివర ఉంటుంది, ఆ పోలికతో గుచ్చి కాల్చుకున్నవాళ్లు తక్కువేం లేరు.

12 వోల్టుల జోలికి ఇంకా పోకండి, మోటారు కూడా పక్కన పెట్టండి. ఆర్డుయినో 5 వోల్టులు వీడీడీకి (చిప్పు తన పనికి కరెంటు తీసుకునే పిన్ను), ఆర్డుయినో గ్రౌండ్ దాని పక్క గ్రౌండ్‌కి. స్టెప్‌ను (పల్సు అందుకునేది) 3వ పిన్నుకు, డైర్‌ను (దిక్కు చెప్పేది) 4కు, ఎనేబుల్‌ను 5కు కలపండి. రీసెట్, స్లీప్ పక్కపక్కనే ఉంటాయి, ఆ రెండింటినీ ఒక చిన్న జంపర్‌తో ఒకదానికొకటి కలపాలి. ఇది చాలామంది మరిచిపోతారు. రీసెట్ పిన్ను గాల్లో వేలాడితే మోటారు ఓసారి తిరుగుతుంది, ఓసారి తిరగదు, మీరు బోర్డు దగ్గరికి చెయ్యి తెస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. దయ్యం పట్టిందనుకుంటారు. అడుగును ముక్కలు చేసే ఎంఎస్ పిన్నులు మూడింటినీ ప్రస్తుతానికి వదిలేయండి, లోపలే గ్రౌండ్ వైపు లాగి ఉంటాయి, వదిలేస్తే ఫుల్ స్టెప్, అంటే పల్సుకు ఒక పూర్తి అడుగు.

ఊనో బదులు ఈఎస్పీ32 అనే బోర్డు వాడేవాళ్లకు ఒక మాట. దాని పిన్నులు ఇచ్చేది 3.3 వోల్టులు. ఏ4988 తన వీడీడీలో 70 శాతం దాటితేనే హై (పిన్ను మీద వోల్టేజీ ఉంది) అని ఒప్పుకుంటుంది, వీడీడీకి 5 ఇస్తే 3.5 కావాలి, మీ 3.3 దానికి చాలదు. వీడీడీని కూడా 3.3కే కలపండి, చిప్పు 3 నుంచి 5.5 దాకా ఒప్పుకుంటుంది.

ఇప్పుడు ఆగి స్క్రూ తిప్పాలి

అందరూ దాటేసే మెట్టు ఇది, నా రెండో డ్రైవర్ ఇక్కడే పోయింది. పెట్టెలోంచి తీసి తీయగానే కలిపాను, స్క్రూ ఎక్కడో చివర ఉంది, ఐదు నిమిషాల్లో ప్లాస్టిక్ కాలిన వాసన.

బోర్డు మీద ఉన్న ఆ బుల్లి స్క్రూ మోటారు చుట్టకు గరిష్ఠంగా ఎంత కరెంటు పోవాలో నిర్ణయిస్తుంది. మోటారు కాగితం మీద 1.7 ఆంపియర్లు, రెండున్నర మూడు వోల్టులు అని రాసి ఉంటుంది, దానికి 12 వోల్టులు ఇస్తే మాడిపోదా అని భయం వేయడం సహజం. మాడదు, ఎందుకంటే డ్రైవర్ 12 వోల్టులను అలాగే వదిలిపెట్టదు, చుట్టలో కరెంటు మీరు పెట్టిన హద్దుకు చేరగానే తెంపుతుంది, తగ్గగానే మళ్లీ ఇస్తుంది, సెకనుకు వేలసార్లు. వోల్టులు ఎక్కువ ఉండటం నిజానికి మేలే, ప్రతి అడుగులో కరెంటు త్వరగా పెరుగుతుంది, వేగంగా తిరిగేటప్పుడు బలం తగ్గదు. హద్దు సరిగా ఉంటేనే ఇదంతా.

లెక్క ఇలా. చిప్పు పక్కన రెండు చిన్న నల్ల రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద ఆర్100 అనో ఆర్068 అనో ఆర్050 అనో రాసి ఉంటుంది. ఆర్100 అంటే 0.1 ఓమ్, మిగతావి 0.068, 0.05. కావలసిన ఆంపియర్లను 8తో, ఆ ఓమ్‌లతో గుణిస్తే స్క్రూ దగ్గర కనబడాల్సిన వోల్టేజీ వస్తుంది. ఒక ఆంపియర్ కావాలంటే ఆర్100 బోర్డుకు 0.8 వోల్టులు, ఆర్068కి 0.54, ఆర్050కి 0.4. ఎవరో 0.8 పెట్టుకోమన్నారని మీరూ పెట్టేస్తే, మీది ఆర్050 బోర్డు అయితే హద్దు 2 ఆంపియర్లకు పోయినట్టు. కళ్లజోడు పెట్టుకునైనా ఆ అంకె చదవండి, ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే బాగా కనిపిస్తుంది.

యూఎస్బీ పెట్టి ఆర్డుయినోకు కరెంటిచ్చి, మీటరును 2 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, నల్ల మొన గ్రౌండ్‌కు, ఎర్ర మొన ఆ స్క్రూ లోహానికి తాకించండి. చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పడం, చూడటం, మళ్లీ తిప్పడం. ఎర్ర మొనను క్లిప్పుతో స్క్రూడ్రైవర్ కడ్డీకే కరిపిస్తే తిప్పుతూనే అంకె చూసుకోవచ్చు. పక్క పిన్నులకు మొన జారకుండా చూసుకోండి. మోటారు 1.7 అన్నా నేను 1 దగ్గరే ఆపాను, ఎందుకంటే ఏ4988 హీట్‌సింక్ (వేడి లాగే లోహపు రెక్కలు) లేకుండా, గాలి తగలకుండా మోయగలిగేది దాదాపు ఒక ఆంపియరే, రెండు మోయాలంటే చల్లబరచాలి. దారాన్ని అటూ ఇటూ నడిపే గైడును లాగడానికి ఒకటి ఎక్కువే. ఇంకో మెలిక, ఈ బోర్డులో స్క్రూ వోల్టేజీ వీడీడీ నుంచే పుడుతుంది కాబట్టి 5 నుంచి 3.3కి మార్చితే హద్దు కూడా మారిపోతుంది, మళ్లీ కొలవాలి. డీఆర్వీ8825కి లెక్క వేరు, ఆర్100 ఉన్న బోర్డులో స్క్రూ వోల్టేజీకి రెట్టింపే ఆంపియర్లు, పైగా దానికి మోటారు కరెంటు ఇస్తేనే అక్కడ వోల్టేజీ కనబడుతుంది.

ఇక పెద్ద కరెంటు

యూఎస్బీ తీసేయండి. ఎస్ఎంపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉండాలి, స్విచ్ ఆపడం చాలదు. దాని స్క్రూ టెర్మినళ్ల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి, ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ బిగించి మూత వేసి అప్పుడు మిగతా పని. ఎర్తు వైరు ఎందుకులే అనుకోకండి, పైన ఇనుప డబ్బా ఉంది.

వీ-మోట్‌కు (మోటారు కోసం 12 వోల్టులు అందుకునే పిన్ను), దాని పక్క గ్రౌండ్‌కు అడ్డంగా కెపాసిటర్ పెట్టండి, వీలైనంత బోర్డుకు ఆనుకుని. చారల వైపు కాలు గ్రౌండ్‌కు, తిరగేస్తే టపాకాయే. నా మూడో డ్రైవర్ కెపాసిటర్ లేకపోవడం వల్ల పోయింది. 12 వోల్టులేగా, చిప్పు 35 దాకా తట్టుకుంటుందిగా అని తీసిపారేశాను. వైరు పొడవుగా ఉండి, బోర్డు మీద ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్లతో కలిస్తే, ప్లగ్గు పెట్టిన క్షణాన వోల్టేజీ ఊయల ఊగినట్టు ఎగిసి 12 నుంచే 35 దాటిపోగలదు. ఎస్ఎంపీఎస్‌ను మగ్గం అవతల గూట్లో పెట్టి రెండు గజాల వైరు లాగాను మరి.

తర్వాత ఎస్ఎంపీఎస్ ప్లస్ వీ-మోట్‌కు, మైనస్ పక్క గ్రౌండ్‌కు. ఆర్డుయినో గ్రౌండ్, ఎస్ఎంపీఎస్ గ్రౌండ్ ఒకటి కావాలి, లేకపోతే ఆర్డుయినో పంపే హై లో డ్రైవర్‌కు అర్థం కాదు. ఆర్డుయినో 5 వోల్టుల పిన్నును వీ-మోట్‌కు కలిపి మోటారు తిప్పుదామని మాత్రం చూడకండి, ఏ4988కి అక్కడ కనీసం 8 వోల్టులు కావాలి, ఆర్డుయినోకు అంత ఇచ్చే శక్తీ లేదు. చివరగా మోటారు, ఒక జత 1ఏ 1బిలకు, ఇంకో జత 2ఏ 2బిలకు. జతలో ఏది ఏ వైపు అన్నది పెద్ద విషయం కాదు, తప్పితే ఎదురు దిక్కున తిరుగుతుంది, కరెంటు ఆపి ఒక జతలో వైర్లు అటుదిటు చేస్తే సరి.

పరీక్షకు బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బొక్కల పలక) పర్వాలేదు. రోజూ నడిచే యంత్రంలో వద్దు, ఆ సన్నటి జంపర్లు, ఆ వదులు బొక్కలు ఒక ఆంపియర్ దగ్గర వేడెక్కి జారిపోతాయి, నడుస్తుండగా మోటారు వైరు జారితే ఏమవుతుందో పైన చెప్పాను. డాట్ బోర్డు (సోల్డర్ చేసే చిల్లుల పలక) మీద సోల్డర్ చేసి, డ్రైవర్ కోసం ఫీమేల్ హెడర్ (పిన్నులు గుచ్చే సాకెట్ వరుస) పెట్టుకోండి, మార్చుకోవడానికి.

తిప్పడం

మొదటి ప్రోగ్రాంలో లైబ్రరీలేవీ (ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు) వద్దు. మూడు పిన్నులనూ అవుట్‌పుట్ చేసి, ఎనేబుల్‌ను లో చేయండి, అది లోలో ఉంటేనే డ్రైవర్ పనిచేస్తుంది. డైర్‌ను హై చేసి, 200 సార్లు ఒక లూపులో స్టెప్‌ను హై చేయడం, 2000 మైక్రోసెకండ్లు ఆగడం, లో చేయడం, మళ్లీ 2000 ఆగడం. తర్వాత ఒక సెకను ఆగి, డైర్ లో చేసి వెనక్కి 200. అడుగుకు 4 మిల్లీసెకండ్లు కాబట్టి చుట్టుకు 0.8 సెకండ్లు. ఇరుసుకు టేపు ముక్కను జెండాలా అంటించండి, ముందుకు పోయి వెనక్కి వచ్చి మొదలైన చోటే ఆగాలి. అరగంట వదిలేసి వచ్చి చూసినా అక్కడే ఉంటే మీ వైరింగ్ అయిపోయినట్టే. మెల్లమెల్లగా పక్కకు జరిగిపోతుంటే అడుగులు తప్పుతున్నాయి, అంటే కరెంటు తక్కువ, లేదా వేగం ఎక్కువ.

ఫుల్ స్టెప్‌లో మోటారు గరగరమంటుంది. ఎంఎస్ పిన్నులు మూడూ 5 వోల్టులకు కలిపితే ఒక్కో అడుగు 16 ముక్కలై మెత్తగా నడుస్తుంది, చుట్టుకు 3200 పల్సులు. అదే ప్రోగ్రాం మార్చకుండా పెడితే చుట్టుకు దాదాపు 13 సెకండ్లు పడుతుంది, ఏదో పాడైందనుకోకండి, ఆగే సమయం తగ్గించుకోవాలంతే. నేను మొదట 16 ముక్కలే పెట్టుకున్నాను. గైడును నడిపేది చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూ (మరల కడ్డీ) కాబట్టి మిల్లీమీటరుకు 400 పల్సులు, దారానికి అంత నాజూకు ఎందుకు? పైగా స్టెప్పర్లను నడిపే యాక్సెల్ స్టెప్పర్ అనే లైబ్రరీ ఊనో మీద సెకనుకు సుమారు 4000 పల్సుల దగ్గర ఆగిపోతుంది, అంటే సెకనుకు 10 మిల్లీమీటర్లే. కండె అప్పటికి ఎంతో తిరిగిపోతుంది. ఎంఎస్2 ఒక్కదాన్నే హై చేసి 4 ముక్కలకు వచ్చాను, మిల్లీమీటరుకు 100 పల్సులు, సెకనుకు 40 మిల్లీమీటర్లు, దారం చక్కగా పరుచుకుంది.

ఆ లైబ్రరీ కావాల్సింది వేగాన్ని మెల్లగా పెంచడానికి. స్టెప్పర్‌ను ఆగిన చోటు నుంచి ఒకేసారి పరుగెత్తమంటే కీచుమంటూ నిలబడిపోతుంది, ఎడ్లబండిని మొదట మెల్లగా కదిలించి తర్వాత తోలినట్టు తోలాలి. గరిష్ఠ వేగం, త్వరణం ఇచ్చి, లూపులో రన్ అనే పిలుపును వీలైనన్నిసార్లు పిలుస్తూ ఉండాలి. అదే లూపులో ఎక్కడైనా డిలే పెట్టారో, మోటారు కుంటుతుంది.

మగ్గం పక్కన పెట్టాక వచ్చినవి

ఇంట్లో బల్ల మీద బాగా నడిచింది కొత్తవాడలో నడవలేదు. కుట్టుమిషను మోటారు వేయగానే గైడు ఉత్తిపుణ్యానికి వెనక్కి తిరిగేది. ఆ మోటారు బ్రష్‌ల దగ్గర వచ్చే నిప్పురవ్వల గోల, గైడు కొసన పెట్టిన లిమిట్ స్విచ్ (గైడు హద్దు చేరి తగలగానే ఆర్డుయినోకు చెప్పేది) పొడవాటి వైరులోకి దూరి, స్విచ్ నొక్కినట్టు ఆర్డుయినోను నమ్మిస్తోంది. స్విచ్ పిన్నుకు 5 వోల్టుల నుంచి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పిన్నుకు గ్రౌండ్‌కు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, స్విచ్ రెండు వైర్లను మెలేసి, కుట్టుమిషను వైరుకు దూరంగా తిప్పి తెచ్చాను. పోయింది.

రెండోది నూగు. నూలు నూగు హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది, ఎస్ఎంపీఎస్ చిల్లుల్లోకీ పోతుంది, అక్కడ వేడి ఉంది, నూగు అంటుకునేది. రెండింటినీ పక్కపక్కన మూత ఉన్న డబ్బాల్లో పెట్టి, గాలి కోసం సన్నటి జాలీ పెట్టాను. వారానికోసారి పాత బ్రష్‌తో దులపమని అత్తకు చెప్పాను, ఆమె రోజూ దులుపుతుంది, కరెంటు ఆపాకే.

మోటారు ఊరికే నిలబడినా వేడెక్కుతుంది, ఎందుకంటే ఆగినప్పుడు కూడా చుట్టల్లో కరెంటు పారుతూనే ఉంటుంది, ఇరుసు కదలకుండా పట్టుకోవడానికి. కండె మార్చేటప్పుడు ఎనేబుల్ హై చేసి వదిలేస్తున్నాను. అలా వదిలితే గైడు చేయి తగిలి జరగొచ్చు, ఆర్డుయినోకు ఆ సంగతి తెలియదు, అందుకే ప్రతి కొత్త కండెకు ముందు లిమిట్ స్విచ్ దాకా వెళ్లి సున్నా పట్టుకుని రావాలి.

చప్పుడు లేని డ్రైవర్ కావాలంటే టీఎంసీ2208 ఉంది, పిన్నుల వరుస దాదాపు ఇదే. కానీ స్క్రూ లెక్క వేరు, ఎంఎస్ పిన్నులు వదిలేస్తే ఫుల్ స్టెప్ కాకుండా 8 ముక్కలకు పోతుంది. ఒకటి తెప్పించి మామకు చూపించాను. "మగ్గం సప్పుడుల దీని సప్పుడు ఎవనికి ఇనబడ్తది, ఆ పైసలతోని నాకింకో కండెల మిషిని చెయ్యి" అన్నాడు. అది డబ్బాలోనే ఉంది.